పాబందీల బిల్లు ఎవరి పేరున?

ఒక ముల్క్ పక్క ముల్క్ మీదికి ఫౌజును తోలగానే పెద్ద పెద్ద రాజధానుల్లో ఒకే మాట వినబడుతుంది: పాబందీలు. మన పేపర్లు వాటిని ఆర్థిక ఆంక్షలు అని రాస్తాయి. వాడి చమురు కొనకండి, వాడికి సరుకు అమ్మకండి, వాడి బ్యాంకు ఖాతాలు జప్తు చేయండి. తుపాకీ పేల్చకుండానే జాలింను దారికి తెచ్చేస్తాం అంటారు. ప్రాణం పోకుండా జంగ్ ఆగిపోతే ఎవరికి చేదు?

అయితే ఈ నుస్ఖా పనిచేస్తుందా లేదా అన్న సవాల్‌కు జవాబు చెప్పే హక్కు వాషింగ్టన్ వాళ్ళకు ఎంత ఉందో అమలాపురం, రాజోలు, కొత్తపేట వాళ్ళకూ అంతే ఉందని నా ఖయాల్. ఈ పాబందీల బిల్లు మన కోనసీమకు రెండుసార్లు వచ్చింది మరి. ఒకసారి 1990లో కువైట్ నుంచి, ఇంకోసారి 2025లో రొయ్యల చెరువుల మీదుగా. రెండుసార్లూ జంగ్ మొదలుపెట్టింది ఎవరో, కట్టింది మనం.

నా మాట ముందే చెప్పేస్తాను దోస్తులారా. ఫౌజు సరిహద్దు దాటిపోయాక, దుష్మన్ పెట్టే పాబందీకి అది వెనక్కి మళ్ళడం తారీఖ్‌లో చాలా అరుదు. జాలిం తగ్గేది తన దోస్త్ చెయ్యి వెనక్కి లాక్కున్నప్పుడు. అసలు అడుగు వేయడానికే భయపడేది, నిన్న తనలాంటివాడికి సజా పడడం కళ్ళారా చూసినప్పుడు. ఈ రెండూ లేని పాబందీ జాలిం గుమ్మం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి గరీబుల ఇంటికి తిరుగుతుంది.

ఇది అర్థం కావడానికి పరాయి ముల్క్ దాకా పోనక్కర్లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. గిట్టుబాటు ధర దక్కనివ్వని హుకూమత్ మీద రైతు పెట్టిన పాబందీ అది. నాట్లు వేయం, ధాన్యం పండించం, అప్పుడైనా మా వైపు చూడండి అన్నారు. దేశమంతా చూసింది. హుకూమత్ మోహన్ కందా గారి సదారత్‌లో కమిటీ వేసింది. రైతుల కోపం జాయజ్, అందులో నాకు షక్ లేదు. కానీ నాట్లు ఆగిన చోట ముందు ఎవరి పొయ్యి ఆరుతుంది? ఊడ్పులకు వెళ్ళే ఆడవాళ్ళది, కోతల మీద బతికే మజ్దూర్లది. సెక్రటేరియట్‌లో ఎవరి పళ్ళెంలోనూ ముద్ద తగ్గదు. దబావ్ పెట్టాలనుకున్న మనిషి ఒకడు, దబావ్ తగిలే మనిషి ఇంకొకడు. పాబందీల అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఇప్పుడు కువైట్ సంగతి చూద్దాం. 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ ఫౌజు కువైట్‌లో దిగింది. నాలుగు రోజులకే, ఆగస్టు 6న, ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 661 నంబరు తీర్మానం చేసింది. ఇరాక్‌తో తిజారత్ మొత్తం బంద్. 13 ముల్కులు ఔనన్నాయి, క్యూబా, యెమెన్ ఎటూ ఓటు వేయలేదు, కాదన్నవారు ఒక్కరూ లేరు. టర్కీ గుండా, సౌదీ గుండా పోయే చమురు గొట్టాలు మూతబడ్డాయి. ఆగస్టు 25న సముద్రం మీద జహాజులను ఆపి వెతికే ఇజాజత్ కూడా ఇచ్చారు. ఇరాక్ ఎగుమతుల ఆమ్దనీలో నూటికి తొంభై పాళ్ళకు పైగా చమురుదే. ఇంతకన్నా గట్టి పాబందీ, ఇంతకన్నా ఒకే సరుకు మీద బతికే ముల్క్ మళ్ళీ దొరకడం కష్టం. పాబందీలు ఎక్కడైనా పనిచేయాలంటే అక్కడే పనిచేసి ఉండాలి.

చేయలేదు. ఐదున్నర నెలలైనా ఫౌజు మళ్ళలేదు. 1991 జనవరి 17న బాంబులు మొదలయ్యాయి, ఫిబ్రవరి నెలాఖరుకు కువైట్ ఖాళీ అయింది. ఖాళీ చేయించింది జంగ్.

ఆ నెలల్లో మనవాళ్ళ హాల్ ఏమిటి? కువైట్‌లో అప్పుడు లక్షన్నరకు పైగా హిందుస్తానీలు. మన రాజోలు, మలికిపురం వైపు నుంచి, అటు కడప జిల్లా నుంచి రోజీ కోసం వెళ్ళిన ఇంటిపని ఆడవాళ్ళు, డ్రైవర్లు, తాపీమేస్త్రీలు వాళ్ళలో ఉన్నారు. కువైట్ దినార్‌ను సద్దాం ఇరాక్ దినార్‌తో సమానం చేసేసరికి, ఏళ్ళ తరబడి దాచుకున్నది రాత్రికి రాత్రి చిత్తుకాగితమైంది. అది హమ్లా చేసిన దెబ్బ. పాబందీ చేసిన దెబ్బ వేరు. ఇరాక్‌కు సరుకు బంద్ అంటే కువైట్‌కూ బంద్. అక్కడ చిక్కుకున్న మనవాళ్ళకు తిండిగింజలు పంపాలన్నా మన హుకూమత్ సమితి పాబందీల కమిటీ ముందు ఇజాజత్ కోసం నిలబడాల్సి వచ్చింది. సెప్టెంబరులో ఆ ఇజాజత్ వచ్చాకే జహాజు కదిలింది. ఈలోగా జనం బస్రా, బగ్దాద్ మీదుగా బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుతున్నారు. అక్కణ్ణుంచి రెండు నెలల్లో దాదాపు ఐదు వందల విమానాలు లక్షా పది వేల మందికి పైగా ముంబై చేర్చాయి. సినిమా తీసేంత గొప్ప పని, నిజమే. కానీ విమానం దిగినవాళ్ళ చేతిలో ఏముంది? ఖాళీ సంచీ, ఏజెంటుకు ఇంకా తీరని అప్పు.

మాకు దూరపు ఖాలా ఒకావిడ అలా తిరిగొచ్చినవాళ్ళలోనే ఉంది. సమితి 1991లో నష్టపరిహార కమిషన్ పెట్టింది. ఇరాక్ హమ్లా వల్ల కువైట్ విడిచి రావలసిన మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు. ఇంకే క్లెయిమూ పెట్టను అని రాసిస్తే 4,000, 8,000. ఖాలాకు ఆ పైసలు చాలా ఏళ్ళకు అందాయి. పెంకుటిల్లు స్లాబు అయింది, కూతురి నికాహ్ అయింది. ఆ డబ్బు ఎక్కడిది అని ఒకరోజు ఆవిడే అడిగింది. ఇరాక్ చమురుది అని చెప్పాను. 1996 చివరి నుంచి తిండికీ దవాలకూ అని ఇరాక్‌ను చమురు అమ్ముకోనిచ్చారు కానీ, వచ్చిన దాంట్లో నూటికి ముప్పై పాళ్ళు ముందే ఈ పరిహారానికి కోసేవాళ్ళు. ఖాలా కాసేపు మాట్లాడలేదు. "బస్రాలో మా బస్సు ఆగితే నీళ్ళిచ్చింది ఆ ఊరి ఆడవాళ్ళే కదురా" అంది.

ఆ పరిహారం ఖాలా హక్కు. ఎవరూ తప్పు పట్టలేరు. కానీ దోషి సద్దాం అయితే, జేబు కోసింది బస్రా ఆడవాళ్ళది. అతని మహళ్ళకు పైసా తక్కువ కాలేదు. పైగా పాబందీల కాలంలో రేషన్ కార్డు హుకూమత్ చేతిలో ఉండేది. బజారులో ఏమీ దొరకనప్పుడు పిండి, పంచదార, నూనె ఇచ్చే చెయ్యి ఒక్కటే అయితే ఆ చేతిని ఎవరు కొరుకుతారు? అవామ్‌ను ఆకలితో మాడిస్తే వాళ్ళు హాకిమ్ మీద తిరగబడతారన్న లెక్క అక్కడ ఉల్టా తిరిగింది. ఆకలి వాళ్ళను అతని ముహ్తాజ్‌లుగా మార్చింది. ఎంతమంది పిల్లలు పోయారన్న హిసాబ్ మీద ఇప్పటికీ తగువు ఉంది. ఆ అంకెను పక్కన పెట్టినా, సమితి తరఫున బగ్దాద్‌లో సహాయ కార్యక్రమాన్ని నడిపిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో, ఈ పాబందీలు అవామ్‌ను నలిపేస్తున్నాయని చెప్పి ఇస్తీఫా ఇచ్చారు. ఇద్దరూ సమితి మనుషులే, సద్దాం దోస్తులు కారు.

ఇంకో మాట కూడా ఇన్సాఫ్‌గా చెప్పుకోవాలి. 2003లో వెతికితే ఇరాక్‌లో ఆ భయంకరమైన హథియార్లు దొరకలేదు. పాబందీలూ తనిఖీలూ కలిసి సద్దాంను మళ్ళీ ఆ సరంజామా కూడగట్టుకోనివ్వలేదు. అంటే హథియార్ల మీద పెట్టిన పాబందీ తన పని తాను చేసింది. పిండి మీద, దవాల మీద, పెన్సిళ్ళ మీద పెట్టిందే ఎవరికీ ఏమీ సాధించలేదు. ఈ ఫర్క్ గుర్తు పెట్టుకోండి.

మరి సద్దాం ముందే ఎందుకు భయపడలేదు? అతని దగ్గర తజర్బా ఉంది కాబట్టి. 1980 సెప్టెంబరు 22న అతను ఇరాన్ మీదికి ఫౌజు పంపాడు. ఏ పాబందీ పడలేదు, పైగా ఎనిమిదేళ్ళు చుట్టూ ఉన్నవాళ్ళు అప్పులిచ్చారు, పెద్ద ముల్కులు హథియార్లు అమ్మాయి. 1988 మార్చిలో హలబ్జా మీద విషవాయువు కురిపించాడు. దానికీ సమితి పాబందీలు పెట్టలేదు. రెండుసార్లు వదిలేసినవాళ్ళు మూడోసారి నిజంగానే పట్టుకుంటారని అతనికి యఖీన్ ఎలా కలుగుతుంది? రష్యా కథా అంతే. 2008లో జార్జియా మీదికి వెళ్తే చెప్పుకోదగ్గ సజా లేదు. 2014లో క్రిమియా కలుపుకుంటే పైపైన పాబందీలు పెట్టి, మరుసటి ఏడాదే జర్మనీకి రెండో గ్యాస్ గొట్టం వేసుకోవడానికి యూరప్ కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీదికి వెళ్ళేముందు పెద్ద పెద్ద ధమ్కీలు వినిపించినా పుతిన్ వాటిని పాత ఖాతాలోనే వేసుకున్నాడు. దొంగ భయపడేది ఇవాళ తలుపుకు వేసిన తాళం చూసి కాదు, నిన్న పట్టుబడ్డవాడికి ఏమైందో విని.

ఈసారి పాబందీలు నిజంగా పెద్దవే. రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన దాదాపు 300 బిలియన్ డాలర్లను పశ్చిమ ముల్కులు స్తంభింపజేశాయి. బ్యాంకులను స్విఫ్ట్ నుంచి తప్పించారు. చమురుకు బ్యారెల్ 60 డాలర్ల హద్దు గీశారు. అయినా జంగ్ ఏళ్ళకేళ్ళు నడిచింది. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తెరుచుకుంది. ఆ తెరిచిన తలుపుల్లో మనదీ ఒకటి. జంగ్‌కు ముందు మనం కొనే ముడి చమురులో రష్యా వాటా నూటికి రెండు పాళ్ళలోపు. తర్వాత మూడోవంతు దాటింది.

దాని హిసాబ్ ఎవరి దగ్గర వసూలు చేశారో మన చెరువు గట్ల మీద అందరికీ తెలుసు. రష్యా చమురు కొంటున్నందుకు సజా అని చెప్పి ట్రంప్ హుకూమత్ 2025 ఆగస్టు 27 నుంచి హిందుస్తాన్ సరుకు మీద ఇంకో 25 శాతం సుంకం వేసింది. ముందున్న 25తో కలిసి 50. రొయ్యల మీద అంతకుముందే ఉన్న డంపింగ్, సబ్సిడీ సుంకాలు కలిపితే 58 దాటింది. మన రొయ్యలకు అమెరికాయే అన్నిటికన్నా పెద్ద బజారు, దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రాయే పెద్ద దిక్కు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మలికిపురం, సఖినేటిపల్లి చెరువుల్లో పెరిగే వెనామీ పుతిన్ ఫౌజుకు ఏ మదద్ చేసింది? సీడుకు, మేతకు, ఏరియేటర్ల కరెంటుకు, లీజుకు అప్పు తెచ్చినవాడు కౌంట్ రేటు పడిపోతుంటే పట్టుబడి ఆపలేడు. చెరువులో రొయ్య ఆగదు, దానికి రోగం వస్తే మొత్తం పోతుంది. సరుకు ఆగితే ప్లాంట్లలో తలలు తీసే ఆడవాళ్ళకు పని ఆగుతుంది. అదే రష్యా చమురు మనకన్నా ఎక్కువ కొంటున్న చైనా మీద ఈ పేరుతో అలాంటి సుంకం పడలేదు. యూరప్ రష్యా గ్యాస్ కొంటూనే ఉంది. ఆ సుంకాల కథ తర్వాత ఎన్ని మలుపులు తిరిగినా, ఆ సీజన్లో అయినకాడికి అమ్ముకున్నవాడికి ఆ పైసలు తిరిగి రావు. ఇంతా చేస్తే ఆ సుంకం పడ్డందుకు ఉక్రెయిన్‌లో ఒక్క ఫిరంగి నోరు మూయలేదు.

అయితే పాబందీ ఎప్పుడూ పనిచేయదని నేను అనను. పనిచేసిన చోటు చూస్తేనే అసలు కిటుకు తెలుస్తుంది. 1956లో ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఈజిప్ట్ మీద పడ్డాయి, సూయజ్ కాలువ కోసం. అమెరికా వాళ్ళకు దోస్తే. అయినా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ ఒప్పుకోలేదు. పౌండు విలువ కూలిపోతుంటే, ఫౌజు ఆపే దాకా అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి మదద్ రానివ్వనన్నాడు. నవంబరు 5న దిగిన బ్రిటన్ ఫౌజు 6వ తేదీ రాత్రికి కాల్పులు ఆపేసింది, డిసెంబరు 22 కల్లా వెళ్ళిపోయింది. ఇజ్రాయెల్ సినాయ్ వదలనంటే 1957 ఫిబ్రవరిలో పాబందీల మాట ఎత్తాడు. మార్చిలో అదీ వదిలింది. ఇరాక్ మీద పదమూడేళ్ళలో కానిది ఇక్కడ నెలల్లో అయింది. ఎందుకని? చెయ్యి ఎత్తింది దోస్త్. ఆ దోస్త్ పైసలు లేకుండా వాళ్ళకు గడవదు, వేరే దుకాణం లేదు. దెబ్బ పిండి మీద పడలేదు, ఖజానా మీద పడింది. తగ్గితే ఆపేస్తామన్న దారి తెరిచే ఉంది.

దీనికి ఉల్టా 1935. ముస్సోలినీ హబషా మీద, అంటే ఇథియోపియా మీద దాడి చేశాడు. నానాజాతి సమితి పాబందీలు పెట్టింది కానీ ఫౌజు బండ్లు నడిచే చమురును ఆ జాబితాలో చేర్చలేదు. ఇటలీ జహాజులు వెళ్ళే సూయజ్‌ను మూయలేదు. ముస్సోలినీని దోస్త్‌గా ఉంచుకోవాలన్న లాలచ్ బ్రిటన్‌కు, ఫ్రాన్స్‌కు. 1936 మేలో అడిస్ అబాబా పడిపోయింది, జూలైలో పాబందీలూ ఎత్తేశారు.

కొందరు అడుగుతారు: అయితే ఏమీ చేయకుండా కూర్చోవాలా? పాబందీలు వద్దంటే ఇక మిగిలేది బాంబులే కదా? మంచి సవాల్. చేతులు కట్టుకు కూర్చోమని నేను అనడం లేదు. దుష్మన్ మీద పాబందీ పెట్టడానికి హిమ్మత్ అక్కర్లేదు, దోస్త్ మీద పెట్టడానికే కావాలి అంటున్నాను. గాజా మీద బాంబులు కురుస్తుంటే హథియార్లు అందిస్తున్న అమెరికా ఒక్క ఫోన్‌తో చేయగలిగింది, మిగతా దునియా అంతా తీర్మానాలు చేసినా కాలేదు. 1957లో చేతనైన పని ఇప్పుడు చేతకాదా? 2003లో అమెరికా, బ్రిటన్ ఇరాక్ మీదికి వెళ్ళినప్పుడు వాటి మీద ఎవరు పాబందీ పెట్టారు? ఒకడికి సజా, ఇంకొకడికి మాఫీ అయితే ప్రతి జాలిమూ తనను మాఫీ జాబితాలోనే చూసుకుంటాడు.

ఈ తరాజులో మనల్ని కూడా పెట్టుకోవాలి జనాబ్. మనం రష్యాకు పాత దోస్తులం, ఇప్పుడు పెద్ద గిరాకీ. మన మాటకు మాస్కోలో వజన్ ఉందని మనమే చెప్పుకుంటాం. మరి ఆ వజన్‌తో ఏమి అడిగాం? చవక చమురు వచ్చిందన్న ఆ ఏళ్ళలో అమలాపురం బంకులో డీజిల్ ఏమంత చవకైంది? ఫాయిదా కంపెనీల ఖాతాలో, సుంకం రొయ్యల రైతు ఖాతాలో. ట్రంప్ చేసింది జుల్మ్ అని అనే హక్కు మనకు ఉంది, నేనూ అంటాను. దాంతో ఉక్రెయిన్ తల్లుల ముందు మన జిమ్మేదారీ మాఫీ అయిపోదు.

సీరత్ కితాబుల్లో ఒక వాకియా ఉంది. మక్కా వాళ్ళు హుజూర్ (స)తో దుష్మనీలో ఉన్న రోజులు. యమామా సర్దార్ సుమామా బిన్ ఉసాల్ (రజి) ఇస్లాం కబూలు చేసి, యమామా నుంచి మక్కాకు వెళ్ళే ధాన్యం ఆపేశారు. మక్కా ఆకలితో అల్లాడి మదీనాకు కబురు పంపింది. ఆ ధాన్యం వదలమని హుజూర్ (స) రాయించి పంపారు. వాళ్ళు అప్పటికింకా దుష్మన్‌లే. పోట్లాట మక్కా సర్దార్లతో, పిల్లల కంచాలతో కాదన్న ఫర్క్ ఆ ఖత్‌లో ఉంది. భద్రతా మండలికి పదమూడేళ్ళ పాటు అంతుపట్టని ఫర్క్ అది.

ఇకమీద ఎవరైనా పాబందీలు అంటే నేను మూడు సంగతులు అడుగుతాను. మీ దోస్త్ ఇదే పని చేస్తే ఇదే సజా వేస్తారా? మీరు ఆపేది ఫౌజు నడిచే చమురు, హథియార్లు, హాకిముల ఖజానానా, లేక అవామ్ పిండి, దవాలా? నడుమ నలిగే మూడో ముల్క్ గరీబులకు నష్టం ఎవరు కడతారు? మూడోది ఖైరాత్ ఏమీ కాదు. సమితి చార్టర్ 50వ అధికరణం ప్రకారం, పాబందీల వల్ల దెబ్బతిన్న ముల్క్ సలహా మశ్వరా కోసం మండలి తలుపు తట్టవచ్చు. ఇరాక్ పాబందీల కాలంలో 21 ముల్కులు తట్టాయి, అందులో హిందుస్తాన్ ఒకటి. సానుభూతి మాటలు దండిగా వచ్చాయి. చమురు ధర పెరిగి, గల్ఫ్ నుంచి వచ్చే పైసలు తగ్గి, అంతకుముందే ఉన్న అప్పులు మీదపడి, 1991 జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువ పెట్టుకుంది.

ఆ తలుపు ఇంకా గట్టిగా తట్టాలి. పాబందీ పెట్టే చేతికే దాని ఖర్చు కూడా కట్టే జిమ్మా ఉంటే, వాళ్ళు దాన్ని ఆలోచించి పెడతారు, తగిలేవాడికే తగిలేలా పెడతారు. ఖర్చు కాట్రేనికోన రైతు మీద, బస్రా తల్లి మీద తోసేయగలిగినంత కాలం పాబందీలు పెట్టడం ఆసానే. జాలిం ఆగడం మాత్రం ముష్కిల్.